మిఖాయిల్ లాజరెవ్ జీవితం – అంటార్కిటికా ఆవిష్కరణ: ఆధారాల పరిశీలన

వ్యాససంగ్రహం

రష్యా సామ్రాజ్య నౌకాదళాధికారి మిఖాయిల్ పెత్రోవిచ్ లాజరెవ్ (1788–1851) పేరు నేడు అంటార్కిటికాలో భారత పరిశోధన కేంద్రం ‘మైత్రి’కి పొరుగున ఉన్న రష్యా కేంద్రానికి ఉంది. ఈ వ్యాసం అతని జీవితాన్ని, ఉద్యోగ ప్రస్థానాన్ని సంగ్రహంగా పరిచయం చేస్తుంది. 1820 జనవరిలో అతడు చూసిన మంచును ‘ఖండ ఆవిష్కరణ’గా నిర్ణయించడంలో తేదీ, పదార్థం, ప్రచురణకాలం అనే మూడు అంశాల పాత్రను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లాజరెవ్, బెలింగ్స్‌హౌజెన్, అంటార్కిటికా, మైత్రి, ఆధార విమర్శ, కాలనిర్ణయం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు తూర్పు భాగంలో హబ్సిగూడ కూడలి దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి నాచారం వైపు, మరొకటి ఉప్పల్ వైపు సాగుతుంది. ఉప్పల్ దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. నగరవాసులకు ఇది ‘ఎన్జీఆర్ఐ’గానే పరిచయం, అక్కడి మెట్రో స్టేషనుకూ అదే పేరు. 1961లో ఏర్పడిన ఈ సంస్థకు అంటార్కిటికాతో సన్నిహిత సంబంధం ఉంది. 1983–84లో భారత మూడవ అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించి, ‘దక్షిణ గంగోత్రి’ కేంద్రాన్ని నెలకొల్పిన హర్ష్ కె. గుప్తా తరువాతి కాలంలో (1992–2001) ఈ సంస్థకు సంచాలకులుగా పనిచేశారు. షిర్మాకర్ ఒయాసిస్సులోని ‘మైత్రి’ కేంద్రంలో 1997 నుండి ఈ సంస్థ భూకంపాలను నమోదు చేస్తున్నది.

మైత్రికి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో రష్యా కేంద్రం ‘నొవొలాజరెవ్‌స్కాయా’ ఉంది. ‘కొత్త లాజరెవ్ కేంద్రం’ అని ఆ పేరుకు అర్థం. అక్కడి తీరానికి ఎదురుగా ఉన్న సముద్రం కూడా లాజరెవ్ సముద్రమే. ఉప్పల్ నుండి వెళ్ళే శాస్త్రజ్ఞుల పని ఈ పేరు నీడలోనే సాగుతున్నప్పటికీ ఈ నౌకాధికారి గురించి తెలుగు పాఠకులకు తెలిసింది తక్కువ. పోటీ పరీక్షల పుస్తకాలలో ‘అంటార్కిటికాను కనుగొన్నదెవరు?’ అనే ప్రశ్నకు ఒక్క పేరు, ఒక్క తేదీ సమాధానంగా కనిపిస్తాయి. ఆ ఒక్క పంక్తి ఎలా తయారైందో తెలుసుకోవడం చరిత్ర విద్యార్థులకూ, మూలగ్రంథ పరిష్కరణలో కృషి చేసే సాహిత్య పరిశోధకులకూ ఉపయోగకరం. ఈ వ్యాసంలో ప్రత్యేకంగా సూచించిన చోట్ల తప్ప తేదీలన్నీ నేటి గ్రెగోరియన్ క్యాలెండరు ప్రకారం ఇవ్వబడినవి.

2. తొలి జీవితం, శిక్షణ

లాజరెవ్ 1788 నవంబరు 14న వ్లదీమిర్ నగరంలో కులీన కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఉన్నత ప్రభుత్వాధికారి. ఆయన 1800లో మరణించిన తరువాత ముగ్గురు అన్నదమ్ములు అంద్రేయ్, మిఖాయిల్, అలెక్సేయ్ నౌకాదళ పాఠశాలలో చేరారు. 1803లో ప్రతిభావంతులైన విద్యార్థులను ఎంపిక చేసి శిక్షణ కోసం బ్రిటిష్ నౌకాదళానికి పంపినప్పుడు వారిలో మిఖాయిల్ ఒకడు. ఐదేళ్ళు ఇంగ్లీషు ఓడల మీద పనిచేసి 1808లో స్వదేశానికి తిరిగివచ్చాడు. నెపోలియన్‌తో యుద్ధాలు జరుగుతున్న ఆ రోజులలో అతనికి లభించిన అనుభవం తరువాతి జీవితానికి పునాది అయింది.

1813లో రష్యన్–అమెరికన్ కంపెనీకి చెందిన ‘సువోరొవ్’ ఓడకు నాయకుడై భూప్రదక్షిణకు బయలుదేరాడు. 1814లో పసిఫిక్ మహాసముద్రంలో ఒక పగడపు దీవిని గుర్తించి దానికి తన ఓడ పేరే పెట్టాడు. నేడు అది కుక్ దీవులలో భాగం. అలాస్కాలో కంపెనీ వ్యవహారాలు నడుపుతున్న బరానొవ్‌తో అతనికి తీవ్రమైన విభేదాలు వచ్చాయి. 1816లో యాత్ర ముగించుకొని తిరిగివచ్చేనాటికి లాజరెవ్ వయస్సు ఇరవై ఏడేళ్ళు మాత్రమే.

3. దక్షిణ సముద్రయాత్ర (1819–1821)

బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ 1774 జనవరి 30న 71 డిగ్రీల 10 నిమిషాల దక్షిణ అక్షాంశం వరకు వెళ్ళి, మంచు అడ్డుకోగా వెనుదిరిగాడు. అంతకు మించి ముందుకు సాగడం ఎవరికీ సాధ్యం కాదని అతడు భావించాడు. నాలుగు దశాబ్దాల తరువాత రష్యా ప్రభుత్వం ఈ అభిప్రాయాన్ని పరీక్షింపదలచి రెండు ఓడలను పంపింది. వాటిలో ‘వోస్తోక్’కు, మొత్తం యాత్రకు నాయకుడు బెలింగ్స్‌హౌజెన్. అతడు బాల్టిక్ సముద్రంలోని సారెమా ద్వీపానికి చెందిన జర్మన్ కుటుంబీకుడు. రెండవ ఓడ ‘మీర్నీ’కి నాయకుడు లాజరెవ్. రష్యన్ భాషలో వోస్తోక్ అంటే తూర్పు, మీర్నీ అంటే శాంతియుతమైనది అని అర్థం.

1819 జూలై 16న క్రొన్‌స్తాద్ రేవు నుండి బయలుదేరిన ఈ ఓడలు 751 రోజుల తరువాత 1821 ఆగస్టు 5న తిరిగివచ్చాయి. అందులో 527 రోజులు సముద్రం మీదనే గడిచాయి. కోపెన్‌హాగన్‌లో చేరవలసిన ఇద్దరు జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞులు రాకపోవడంతో శాస్త్రపరిశీలన భారం కజాన్ విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఇవాన్ సీమొనొవ్ మీద, ఓడల అధికారుల మీద పడింది. వాతావరణం, దిక్సూచి విచలనం, సముద్రజల ఉష్ణోగ్రత వంటివి వారే నమోదు చేశారు. వోస్తోక్ కంటే మీర్నీ వేగం తక్కువ. పొగమంచులోనూ మంచుకొండల నడుమనూ తనకంటే వేగంగా వెళ్ళే ఓడను విడిచిపోకుండా అనుసరించడం లాజరెవ్ నౌకాకౌశలానికి నిదర్శనం. వేగంలో పొత్తు కుదరని రెండు ఓడలను జతచేసినందుకు అతడు తరువాత ఒక ఉత్తరంలో అసంతృప్తి వెలిబుచ్చాడు. ఆ ఉత్తరమే మన పరిశీలనకు కీలకాధారం.

4. అనంతర జీవితం

1822–25 మధ్య లాజరెవ్ ‘క్రేయ్సెర్’ యుద్ధనౌక మీద మూడవసారి భూప్రదక్షిణ చేశాడు. ఈ యాత్రలో టాస్మానియా రేవులో ఉండగా, ఒక పై అధికారి కాఠిన్యాన్ని సహించలేక నావికులు తిరగబడిన వైనాన్ని అదే ఓడలో పనిచేసిన జవలీషిన్ తన జ్ఞాపకాలలో నమోదు చేశాడు. ఓడ విజయాల వెనుక కిందిస్థాయి నావికుల కష్టం ఎంత ఉందో ఈ ఘటన గుర్తుచేస్తుంది.

1827 అక్టోబరు 20న జరిగిన నవరీనో యుద్ధంలో లాజరెవ్ ‘అజోవ్’ నౌకకు నాయకత్వం వహించాడు. బ్రిటన్, ఫ్రాన్సు, రష్యా నౌకాదళాలు కలిసి టర్కీ–ఈజిప్టు నౌకాబలాన్ని ధ్వంసం చేసిన ఈ యుద్ధంతో అతనికి రియర్ అడ్మిరల్ హోదా లభించింది. రష్యా నౌకాదళంలో సెయింట్ జార్జ్ పతాకాన్ని పొందిన తొలి ఓడ అజోవే. ఆ ఓడ స్మృతిగా నిర్మించిన ‘పామ్యత్ అజోవా’ మీదనే 1890 డిసెంబరులో రష్యా యువరాజు నికొలాయ్, తరువాతి కాలపు చక్రవర్తి రెండవ నికొలాయ్, బొంబాయికి వచ్చాడు.

1833లో బోస్ఫరస్‌కు రష్యా నౌకాదళాన్ని నడిపించి, చివరిదాకా నల్లసముద్ర నౌకాదళాధిపతిగా కొనసాగాడు. సెవాస్తొపోల్‌లో రేవు నిర్మాణాలను, నావికాధికారుల గ్రంథాలయాన్ని అభివృద్ధి చేశాడు. క్రిమియా యుద్ధంలో ప్రసిద్ధులైన నహీమొవ్, కొర్నీలొవ్, ఇస్తోమిన్ అతని శిష్యులు. అయితే అదే నౌకాదళం కాకసస్ తీరంలో సైన్యాలను దింపి, అక్కడి పర్వతజాతుల మీద సాగిన ఆక్రమణయుద్ధానికి తోడ్పడింది. లాజరెవ్‌ను కేవలం అన్వేషకుడిగా చూపే రచనలు ఈ పార్శ్వాన్ని తరచు విస్మరిస్తాయి. అతడు 1851 ఏప్రిల్ 23న వియన్నాలో మరణించగా భౌతికకాయాన్ని సెవాస్తొపోల్‌లో ఖననం చేశారు.

5. ఆధారాల పరిశీలన

1820 జనవరిలో ఈ ఓడలు చేరిన చోటు సుమారు 69 డిగ్రీల 21 నిమిషాల దక్షిణ అక్షాంశం, 2 డిగ్రీల 15 నిమిషాల పశ్చిమ రేఖాంశం. నేటి పటం ప్రకారం అక్కడివారికి ఎదురైనది ఫింబుల్ మంచుఫలకం. ఆ స్థలం మైత్రికి దాదాపు 550 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే వారు చూసినది ఖండం అంచు అనడంలో నేడు పెద్ద సందేహం లేదు. వారు చూసినదాన్ని వారేమని అర్థం చేసుకున్నారన్నదే అసలు ప్రశ్న.

5.1 తేదీ: ఓడ రికార్డుల ప్రకారం అది జనవరి 16. అప్పటి రష్యా జూలియన్ క్యాలెండరుకు 12 రోజులు కలిపితే జనవరి 28 అవుతుంది. కాని కొందరు పరిశోధకులు జనవరి 27 అంటారు. ఆ కాలపు నౌకాదినం మధ్యాహ్నంతో, లౌకికదినం కంటే పన్నెండు గంటల ముందుగా మొదలయ్యేది. రికార్డులోని 16వ తేదీ నౌకాదినమైతే, ఆ రోజు సాయంత్రం భూమి మీదివారికి 15వ తేదీ సాయంత్రమే. ఈ చిక్కు మనకు కొత్త కాదు. మంగళవారం తెల్లవారుజామున మూడు గంటలకు పుట్టిన బిడ్డకు జాతకంలో సోమవారమే రాస్తారు. మన వారం సూర్యోదయంతో మారుతుంది. శాసనాలలోని శకవర్షం గతమా, వర్తమానమా అన్నది తేల్చకుండా కాలనిర్ణయం చేయలేమన్నది శాసన పరిశోధకులు ఎరిగిన విషయమే. తేదీని స్వీకరించే ముందు ఆ తేదీ ఏ గణనకు చెందినదో అడగాలి.

5.2 పదం: బెలింగ్స్‌హౌజెన్ గ్రంథం ప్రకారం ఆ మధ్యాహ్నం కురుస్తున్న మంచులోంచి ఎదుటి హిమరాశి తెల్లని మేఘాలవలె కనిపించింది. లాజరెవ్ తన మిత్రుడు షెస్తకోవ్‌కు 1821 సెప్టెంబరు 24 (జూలియన్) తేదీతో రాసిన ఉత్తరంలో చిత్రం కొంత భిన్నం. అసాధారణమైన ఎత్తు గల మంచు ఎదురైందనీ, సాయంత్రం ఆకాశం తేటపడగా కొయ్యస్తంభం మీదినుంచి చూస్తే అది చూపు ఆనినంత దూరం విస్తరించి ఉందనీ, కొద్దిసేపటికే మళ్ళీ మబ్బు కమ్మిందనీ అతడు తెలిపాడు. ఆ మంచుకు అతడు వాడిన విశేషణం ‘మత్యోరీ’. ఎదిగిన, ముదిరిన, గట్టిపడిన అనేవి దాని అర్థాలు. ఖండానికి రష్యన్ మాట ‘మతెరీక్’ కూడా ఆ కుదురులోనిదే. ఆ పదాన్ని తెలుగులో ‘ముదురు మంచు’ అంటే లాజరెవ్ మంచును మాత్రమే వర్ణించినట్లవుతుంది. ‘ఖండపు మంచు’ అంటే ఖండాన్ని గుర్తించినట్లవుతుంది. అనువాదకుని ఒక్క ఎంపికతో ఆవిష్కర్త మారిపోగలడు. అదే ఉత్తరంలో, దక్షిణానికి తిరిగినప్పుడల్లా మంచు మతెరీక్ అడ్డుపడిందని కూడా అతడన్నాడు. అక్కడ ఆ మాటకు అవిచ్ఛిన్నమైన మంచు అని అర్థమా, మంచు కప్పిన భూమి అని అర్థమా అన్నది సందర్భం తేల్చదు. ఏమైనా, కొత్త ఖండాన్ని కనుగొన్నామని ఇద్దరు నాయకులలో ఎవరూ స్పష్టంగా ప్రకటించలేదు.

5.3 ప్రచురణ: బెలింగ్స్‌హౌజెన్ గ్రంథం యాత్ర ముగిసిన పదేళ్ళకు, 1831లో 600 ప్రతులతో వెలువడింది. దాని ఇంగ్లీషు అనువాదం 1945లోగాని రాలేదు. లాజరెవ్ ఉత్తరం 1918లో రష్యా నౌకాదళ పత్రికలో అచ్చయింది. ఈలోగా బ్రిటిష్ నౌకాధికారి ఎడ్వర్డ్ బ్రాన్స్‌ఫీల్డ్ 1820 జనవరి 30న అంటార్కిటిక్ ద్వీపకల్పపు కొనను చూశాడన్న విషయం ఇంగ్లీషు రచనలలో స్థిరపడింది. 27 అయినా, 28 అయినా రష్యన్లే ముందు. కాని ‘ముందు చూడడం’ గుర్తింపు పొందడానికి చాలాకాలం పట్టింది.

6. పాత ఉత్తరం – కొత్త అవసరం

1948లో అమెరికా అంటార్కిటికా భవిష్యత్తుపై ఏడు హక్కుదారు దేశాలతో చర్చకు ప్రతిపాదించినప్పుడు అందులో సోవియట్ యూనియన్‌కు స్థానం లేదు. 1949 ఫిబ్రవరి 10న సోవియట్ భూగోళ సంఘం సమావేశంలో లేవ్ బెర్గ్ అంటార్కిటికాలో రష్యన్ల ఆవిష్కరణలపై ప్రసంగించాడు. 1950 జూన్‌లో సోవియట్ ప్రభుత్వం తన ప్రమేయం లేని ఏ నిర్ణయాన్నీ గుర్తించబోనని ప్రకటిస్తూ బెలింగ్స్‌హౌజెన్, లాజరెవ్‌ల యాత్రను ఆధారంగా చూపింది. శతాబ్దానికి పైగా పెద్దగా ఎవరూ పట్టించుకోని యాత్ర రాజకీయ హక్కుపత్రంగా మారిన సందర్భమిది. ఆధారం అబద్ధం కాదు. దానిని చదివిన అవసరం మాత్రం కొత్తది. 1959 నాటి అంటార్కిటికా ఒప్పందం ప్రాదేశిక హక్కుల వివాదాన్ని పక్కనపెట్టి, శాంతియుత పరిశోధనకు చోటు కల్పించింది. 1983లో భారతదేశం అందులో చేరింది.

7. ముగింపు

పై పరిశీలనను బట్టి మూడు విషయాలు చెప్పవచ్చు. ఒకటి: 1820 జనవరిలో బెలింగ్స్‌హౌజెన్, లాజరెవ్‌లు అంటార్కిటికా మంచుఫలకాన్ని చూశారన్నది దృఢమైన వాక్యం. రెండు: వారు ఖండాన్ని ‘కనుగొన్నారు’ అన్నది వారి మాటలకు తరువాతివారు చేసిన వ్యాఖ్యానం, దానిని వ్యాఖ్యానంగానే పాఠ్యపుస్తకంలో చెప్పాలి. మూడు: లాజరెవ్ జీవితంలో అన్వేషణ, యుద్ధం, ఆక్రమణ విడదీయరానివి, ఒకదాన్ని మాత్రమే ఎత్తి చూపితే అది చరిత్ర కాబోదు.

ఉప్పల్ సంస్థ మైత్రిలో నమోదు చేసే ప్రతి ప్రకంపన మీద ప్రపంచమంతటికీ ఒకటే అయిన కాలప్రమాణం ముద్రపడి ఉంటుంది. అది ఎవరి రోజు, ఏ గణన అని రేపటి పరిశోధకుడు అడగనవసరం లేదు. లాజరెవ్ ఉత్తరానికి ఆ సౌకర్యం లేదు. మన తాళపత్రాలకు, శాసనాలకు, కైఫీయతులకూ లేదు. అందుచేత వాటిని చదివే బాధ్యత మనమీద ఎక్కువగా ఉంది. తేదీని, పదాన్ని, అచ్చయిన కాలాన్ని విడివిడిగా ప్రశ్నించిన తరువాతనే ఒక్క పంక్తి సమాధానం రాయడం న్యాయం.