స్కల్లింగ్ పడవ నేర్చుకోవడం: కొత్తవారికి తొలి పాఠాలు

రోయింగ్ క్రీడలో ఒక్కొక్కరు రెండేసి తెడ్లతో పడవ నడిపే పద్ధతిని స్కల్లింగ్ అంటారు. మనిషికి ఒకే తెడ్డు ఉంటే అది స్వీప్. ఒక్కరు కూర్చునే పడవను సింగిల్ స్కల్, ఇద్దరిదాన్ని డబుల్, నలుగురిదాన్ని క్వాడ్రపుల్ అని పిలుస్తారు.

నదీతీరంలో పుట్టినవారికే ఈ ఆట వస్తుందనుకోనక్కర్లేదు. దత్తు భోకనాల్‌ది మహారాష్ట్ర నాసిక్ జిల్లాలోని కరవు ప్రాంతం. 2012లో సైన్యంలో చేరాక ఆయన రోయింగ్ నేర్చుకున్నారు. 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానం పొందారు. 2018 ఆసియా క్రీడల్లో క్వాడ్రపుల్ జట్టుతో స్వర్ణం గెలిచారు.

పడవ తీరు

పోటీల్లో వాడే సింగిల్ స్కల్ పొడవు సుమారు 8 మీటర్లు. వెడల్పు మాత్రం ఒక అడుగుకు అటూ ఇటూగా ఉంటుంది. బరువు 14 కిలోలకు తగ్గకూడదని నియమం. ఇంత సన్నటి పడవ తనంతట తాను నిలబడదు. రెండు వైపులా నీటి మీద చాచిన తెడ్లే దాన్ని నిలబెడతాయి. కాబట్టి కొత్తవారు మొదట గుర్తుంచుకోవలసింది ఒకటే: నీటి మీద ఉన్నంతసేపూ తెడ్ల పిడులు వదలకూడదు. నేర్పేటప్పుడు ముందుగా వెడల్పాటి శిక్షణ పడవలు ఇవ్వడం కూడా ఇందుకే.

ఈ పడవలో వీపు వెళ్లే దిక్కుకు ఉంటుంది. అణియం, అంటే పడవ ముందు కొస, మీ వెనక ఉంటుంది. అమరం, అంటే వెనక కొస, మీకు ఎదురుగా కనిపిస్తుంది. ఎడమచేతి తెడ్డు ఒక్కటే లాగితే అణియం మీ కుడివైపుకు తిరుగుతుంది. నాలుగైదు తెడ్లకు ఒకసారి తల తిప్పి దారి చూసుకోవడం మొదటి రోజునుంచే అలవాటు చేసుకోవాలి.

ఎక్కడం

తెడ్లు రెండూ నీటికి అడ్డంగా చాచి, బ్లేడ్లను నీటి మీద బల్లపరుపుగా ఉంచాలి. రెండు పిడులనూ ఒకే చేత్తో కలిపి పట్టుకోవాలి. పడవ అడుగు పలుచన కాబట్టి దాని మీద కాలు వేయకూడదు. సీటు ముందు అడుగు పెట్టడానికి ఉన్న గట్టి పలక మీదే వేయాలి. కూర్చున్నాక కూడా పిడులు చేతిలోనే ఉండాలి.

తెడ్డు వేయడం

చూసేవారికి ఇది చేతుల పనిలా కనిపిస్తుంది గాని, బలమంతా కాళ్లదే. సీటు చక్రాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. మోకాళ్లు ముడిచి బ్లేడ్లను నీటిలో దించాక వరస ఇది: ముందు కాళ్లతో తన్నాలి, తర్వాత నడుము వెనక్కి వాల్చాలి, చివర చేతులతో లాగాలి. తిరిగి వచ్చేటప్పుడు వరస తారుమారవుతుంది: చేతులు, నడుము, ఆఖరున మోకాళ్లు. లాగడం చురుగ్గా, తిరిగి రావడం నింపాదిగా జరగాలి.

మధ్యలో రెండు పిడులూ ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి. సాధారణంగా ఎడమచేయి పైన, కుడిచేయి కింద ఉంటాయి. మొదట్లో వేళ్ల కణుపులు గీరుకుపోవడం మామూలే.

పిడులు గట్టిగా బిగించి పట్టుకుంటే బ్లేడ్ వాలుగా దిగి నీళ్లలో ఇరుక్కుంటుంది. దీన్ని క్రాబ్ అంటారు. అప్పుడు పిడి ఒక్కసారిగా పొట్ట మీదికి వస్తుంది. కంగారుపడి లేవకుండా ఆగి, రెండో బ్లేడ్‌ను నీటి మీద పరచి ఉంచితే పడవ కుదుటపడుతుంది.

బోల్తా పడితే

నేర్చుకునేవారు ఎప్పుడో ఒకసారి నీళ్లలో పడతారు. అందుకే ఈత వచ్చాకే పడవ ఎక్కాలి. కాళ్లు పడవలో బిగించిన బూట్లలో ఉంటాయి. పాదం సులువుగా బయటికి రావడానికి ఆ బూట్ల మడమలకు తాడు కట్టి ఉంటుంది. బయలుదేరేముందు ఆ తాడు సరిగా ఉందో లేదో చూసుకోవాలి. పడవ తిరగబడినా తేలుతూనే ఉంటుంది. ఒడ్డు దగ్గరేగదా అని దాన్ని వదిలి ఈదకూడదు. పడవనే పట్టుకుని సాయం కోసం పిలవాలి. తొలి రోజుల్లో శిక్షకుడి పడవ వెంట లేకుండా నీళ్లలోకి వెళ్లవద్దు.

ఎక్కడ నేర్చుకోవాలి

అలల్లేని నీరు దీనికి అనువు. గాలి, ఆటుపోటు ఉండే గోదావరి పాయలు కొత్తవారికి తగవు. చెన్నైలో అడయారు నది మీద 1867 నాటి మద్రాస్ బోట్ క్లబ్ ఉంది. పుణేలో 1868 నాటి రాయల్ కన్నాట్ బోట్ క్లబ్, సైన్యం శిక్షణ కేంద్రం ఉన్నాయి. ఒడిశాలో కటక్ పక్కన జగత్పూర్‌లో భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రం ఉంది. పిల్లలను చేర్చేముందు అడగవలసినవి మూడు: ఈత పరీక్ష పెడతారా? బోల్తా పడితే ఏం చేయాలో నీళ్లలోనే నేర్పుతారా? వెంట రక్షణ పడవ ఉంటుందా? మూడింటికీ అవునంటేనే పంపండి.