చలికి నీరసం, ఎండకు దాహం
(తొలినాటి మోటారు బ్యాటరీ కథ)

రాత్రి చక్కగా తిరిగిన బండి తెల్లవారేసరికి మొరాయించడం, హ్యాండిల్ తిప్పి తిప్పి భుజాలు నొప్పెట్టడం మన తరంవారికి అనుభవమే. నేరం బ్యాటరీదా, చలిదా? ఈ ప్రశ్న చాలా పాతది.

సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పనిచేసే బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. మోటారు కార్లలో దానికి అసలు పరీక్ష 1912లో వచ్చింది. అమెరికాలో ఆ ఏటి కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు అమర్చారు. హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది గాని, ఆ బరువంతా బ్యాటరీ మీద పడింది.

సెల్లు ఒక్కింటికి సుమారు 2 వోల్టులు. మూడు సెల్లులకు 6. చలిలో వోల్టుమీటరు పెట్టి చూస్తే ఆ 6 వోల్టులూ ఇంచుమించు అలాగే కనిపిస్తాయి. స్టార్టరు నొక్కగానే అసలు సంగతి బయటపడుతుంది. చలికి లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అంతర్నిరోధం పెరుగుతుంది, వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇచ్చే శక్తిలో మైనస్ 18 వద్ద దక్కేది సుమారు 40 శాతమే. పైగా ఇంజను ఆయిల్ చిక్కబడి, స్టార్టరుకు మరింత కరెంటు కావలసివస్తుంది. అమెరికన్ కంపెనీలు 1950ల మధ్యలో 6 నుంచి 12 వోల్టులకు మారడానికి ఇదీ ఒక కారణం. వోల్టేజి రెట్టింపైతే అదే పనికి సగం కరెంటు చాలు.

ఎండ చేసే కీడు వేరు. వేడెక్కిన బ్యాటరీ అదే చార్జింగ్ వోల్టేజికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. నీరు వాయువులుగా విడిపోతుంది, పలకలు తినేసుకుపోతాయి. 1920లలో వాడిన మూడో బ్రష్ డైనమోకు బ్యాటరీ పరిస్థితి తెలియదు. మెకానిక్ వేసవికొకసారి, శీతాకాలానికొకసారి ఆ బ్రష్‌ను జరపవలసివచ్చేది. 1930లలో వేడినిబట్టి తనంతట తానే వోల్టేజి తగ్గించే రెగ్యులేటర్లు వచ్చాయి. బ్రిటన్‌కు చెందిన లూకాస్ కంపెనీ పుస్తకాలు 32 డిగ్రీలు దాటే ప్రాంతాలకు యాసిడ్ గ్రావిటీ 1.270–1.290 బదులు 1.210–1.230 ఉంచమని చెప్పేవి.

ఈ మాట నాకు ఆలస్యంగా తెలిసింది. 1970లలో నేను పనిచేసిన ఒక వర్క్‌షాపులో, మే నెలలో జీపుల బ్యాటరీలు వారం తిరగకుండానే ఎండిపోయేవి. డిస్టిల్డ్ వాటర్ పోయడంలో అశ్రద్ధ చూపాడని బ్యాటరీ అటెండరుకు మెమో ఇచ్చాం. ఒక ఇంక్రిమెంటు ఆగింది. మెమో మీద సంతకం నాదే. తరువాత ఒక పాత ఎలక్ట్రీషియన్ రెగ్యులేటర్లు పరీక్షించి, సెట్టింగు మన ఎండలకు తగనంత ఎక్కువగా ఉందని తేల్చాడు. తగ్గించాక బ్యాటరీల దాహం తగ్గింది. అటెండరు మాత్రం రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాడట!

ఆగిన ఇంక్రిమెంటును తిరిగి ఇప్పించమని ఫైలు పెట్టాను. అది తేలకముందే నాకు బదిలీ అయింది. పెన్షన్ లెక్కలో ఒక ఇంక్రిమెంటు విలువేమిటో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.