ముసలితనం అనుకున్న నొప్పి

పిల్లి బీరువా మీదికి దూకడం మానేస్తే ఇంట్లో ఎవరూ కంగారు పడరు. వయసైంది, బద్ధకం పెరిగింది అనుకుంటారు. కుక్క కాలెత్తి కుంటితే కనీసం కంటపడుతుంది. పిల్లి కుంటదు, మెల్లగా ఒక మూలకు పరిమితమైపోతుంది. 2002లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఎలిజబెత్ హార్డీ బృందం, 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల పాత ఎక్స్‌రేలను బయటికి తీసి పరిశీలించింది. వాటిలో 90 పిల్లులకు కీళ్ళు అరిగిన ఆనవాళ్ళున్నాయి. వేల ఏళ్ళుగా మన పొయ్యి పక్కన పడుకున్న జంతువు నొప్పిని మనం లెక్కపెట్టింది ఇంత ఆలస్యంగా. కుక్కలు, పిల్లుల కీళ్ళవాతం చికిత్స ఎలా ఎదిగిందో చదువుతున్నప్పుడల్లా మందుల పేర్ల కంటే ఈ ఆలస్యమే నన్ను ఎక్కువగా కలచివేస్తుంది.

పశువైద్యం పుట్టింది కుక్క కోసం కాదు, పిల్లి కోసం అసలే కాదు. 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో తొలి పశువైద్య పాఠశాలకు పునాది వేసిన క్లాడ్ బూర్జిలా గుర్రపుస్వారీ నేర్పే గురువు. గుర్రం కుంటితే సైన్యం ఆగిపోతుంది, ఎద్దు చస్తే వ్యవసాయం ఆగిపోతుంది. మన దేశంలోనూ పాలకాప్యుడి పేరు మీద ఏనుగుల వైద్యం, శాలిహోత్రుడి పేరు మీద గుర్రాల వైద్యం నిలిచాయి. వాకిలి కాసే కుక్క ముసలిదై కుంటితే దాని స్థానంలోకి ఇంకో కుక్క వచ్చేది, అంతే.

కుక్క కీలులోకి మనిషి చూపు చేరడానికి ఎక్స్‌రే కావలసివచ్చింది. 1935లో అమెరికన్ పశువైద్యుడు గెర్రీ ష్నెల్ కుక్కల్లో తుంటి కీలు సరిగా అమరకపోవడాన్ని గుర్తించి రాశాడు. తొడ ఎముక తల దాని గుంటలో బిగుతుగా కూర్చోదు. కుక్క నడిచినప్పుడల్లా అటూ ఇటూ కదులుతుంది, ఎముకల మధ్య మెత్తగా ఉండాల్సిన మృదులాస్థి అరిగిపోతుంది. మన వాళ్ళు ‘గుజ్జు అరిగింది’ అనేది దీన్నే. అంటే కుక్కల్లో ఈ జబ్బు చాలాసార్లు ముసలితనంలో మొదలవదు, ఏడాది నిండని పిల్లలోనే బీజం పడుతుంది. తుంటి కాకపోతే మోచేయి, లేదా తెగిన మోకాలి లిగమెంటు. అల్సేషియన్, ల్యాబ్రడార్ వంటి పెద్ద జాతుల్లో ఇది తరతరాలుగా సంక్రమిస్తోందని తెలిశాక, 1966లో జాన్ ఓలిన్ అనే పారిశ్రామికవేత్త చొరవతో అమెరికాలో ఒక సంస్థ ఏర్పడి, పిల్లల కోసం జతకట్టించే ముందు కుక్కల తుంటి ఎక్స్‌రేలు పరీక్షించే పద్ధతి తెచ్చింది. మన ఊళ్ళలో కుక్కపిల్లను కొనేవాళ్ళు రంగు, చెవులు, ధర అడుగుతారు కానీ తల్లిదండ్రుల తుంటి ఎలా ఉందని అడిగేవాళ్ళు అరుదు.

తొలినాటి మందులన్నీ మనుషుల దగ్గర నుంచి వచ్చినవే. 1899లో ఆస్పిరిన్ బజారులోకి వచ్చింది. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిజోన్ ఇస్తే కీళ్ళవాతంతో మంచం దిగలేని రోగి లేచి నడిచింది. రెండేళ్ళకే దానికి నోబెల్ దక్కింది. ఆ వెనకే ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు వచ్చింది. ఇవన్నీ గుర్రాలకూ కుక్కలకూ చేరాయి. ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో మాత్రం 1971 దాకా తెలియదు. వాపునూ నొప్పినీ రేపే ప్రోస్టాగ్లాండిన్లను ఒంట్లో తయారుకాకుండా అది ఆపుతుందని జాన్ వేన్ ఆ ఏడాది చూపాడు. అవే ప్రోస్టాగ్లాండిన్లు జీర్ణాశయం పొరనూ మూత్రపిండాలనూ కాపాడతాయి కూడా. నొప్పి తగ్గించే మాత్రే కడుపులో పుండు ఎందుకు పెడుతుందో అప్పుడు అర్థమైంది.

పిల్లి దగ్గర ఈ అరువు వైద్యం చతికిలపడింది. కొన్ని మందులను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్క ఒంట్లో గంటల్లో తగ్గిపోయే ఆస్పిరిన్ పిల్లి ఒంట్లో రోజు దాటినా మిగిలే ఉంటుంది. మన ఇళ్ళలో జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తుంది, ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. ప్రేమకొద్దీ సగం మాత్ర పాలల్లో కలిపి పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఈ మాట నొక్కి చెప్పక తప్పదు. కుక్కకు ఐబుప్రొఫెన్ అయినా అంతే, డాక్టరు చెప్పనిదే ముట్టుకోకూడదు.

అసలు జంతువుకు నొప్పి ఉంటుందని ఒప్పుకోవడానికే శాస్త్రం మొరాయించిన కాలం ఒకటుంది. ఆపరేషన్ తర్వాత నొప్పి ఉండటమే మంచిది, జంతువు కదలకుండా పడుంటుంది అనే వాదన తరగతి గదుల్లో నడిచింది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో తత్త్వశాస్త్రం బోధించిన బెర్నార్డ్ రోలిన్ దీనితో ఏళ్ళ తరబడి పోరాడాడు. ప్రయోగశాల జంతువుల నొప్పిని అదుపుచేయాలన్న 1985 నాటి అమెరికా చట్టాల వెనక ఆయన కృషి ఉంది. నా దృష్టిలో ఈ చరిత్రలో ఏ మాత్ర కన్నా పెద్ద మలుపు ఇదే.

ఆ తర్వాతే కుక్క కోసమని మందులు వరుసకట్టాయి. మనుషుల్లో పెద్దగా నిలవని కార్ప్రొఫెన్ 1997లో అమెరికాలో కుక్కల మందుగా మార్కెట్లోకి వచ్చింది. లేవలేని కుక్కలు మళ్ళీ గేటు దాకా పరుగెత్తాయి. కొన్నింటికి, వాటిలో చాలా ల్యాబ్రడార్లకు, కాలేయం దెబ్బతింది. హెచ్చరికలు వచ్చాయి, మందు మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష అలవాటైంది. మెలాక్సికామ్ కూడా అదే కుటుంబం. యూరప్ దాన్ని చిన్న మోతాదులో పిల్లులకు దీర్ఘకాలం వాడొచ్చంది. అమెరికా 2010లో అదే మందు పదే పదే ఇస్తే పిల్లుల మూత్రపిండాలు పాడవుతాయని పెట్టె మీదే హెచ్చరిక వేయించింది. ఈ మందు కథలో మన దేశానిదీ ఒక పుట ఉంది. డైక్లోఫినాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కుప్పలుగా చచ్చిపోతే, 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. దాని బదులు రాబందులకు హాని చేయనిదని తేలింది మెలాక్సికామే.

నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగంలో మందే లేదు. అమెరికాలో 48 ల్యాబ్రడార్ పిల్లలను జతలు జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదాని తిండిలో నాలుగో వంతు తగ్గించి జీవితాంతం పెట్టారు. పద్నాలుగేళ్ళు ఓపిక పట్టారు. 2002లో ఫలితం వెల్లడైంది: తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్ళు, ఎక్కువ తిన్నవి 11.2 ఏళ్ళు బతికాయి. కీళ్ళనొప్పికి చికిత్స అవసరం కూడా బక్కపలచని వాటికి సుమారు మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ‘పాపం, ఇంకో ముద్ద పెట్టు’ అనే మన జాలి గుండె ఈ లెక్కను ఒప్పుకోవడం కష్టం. కీళ్ళ కోసమని వాడే గ్లూకోజమీన్ మాత్రలు జోరుగా అమ్ముడవుతాయి, వాటికి ఇంత గట్టి ఆధారం లేదు.

కొత్త దారి పాత ఆవిష్కరణ నుంచి వచ్చింది. నరాల పెరుగుదలకు తోడ్పడే ఒక ప్రోటీన్‌ను కనిపెట్టినందుకు రీటా లెవి మోంటల్చీనికి, స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ వచ్చింది. అరిగిన కీలులో నొప్పిని రగిలించేదీ ఆ ప్రోటీనే. దాన్ని పట్టి ఆపే యాంటీబాడీని నెలకోసారి చర్మం కింద సూదిగా ఇస్తారు. పిల్లుల కోసం చేసిన ఫ్రునెవెట్‌మాబ్‌కు 2022 జనవరిలో అమెరికా అనుమతి దొరికింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఏ జంతువుకైనా అనుమతించిన తొలి మోనోక్లోనల్ యాంటీబాడీ అదే. ఎప్పుడూ వెనకబడిన పిల్లి ఈసారి ముందు నిలిచింది. కుక్కల మందు బెడిన్‌వెట్‌మాబ్ అమెరికాకు 2023లో వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో, కొన్ని కుక్కలు తూలడం, వాటికి మూర్ఛలు రావడం వంటి ఫిర్యాదులు అందాయని ఆ సంస్థే పశువైద్యులకు లేఖ రాసింది. ఆ లెక్క ఇంకా తేలాల్సి ఉంది.

మందు ఏదైనా, ముందు నొప్పి కంటపడాలి. ఆస్పత్రి బల్ల మీద పిల్లి భయంతో బిగుసుకుపోతుంది, అక్కడ దాని నడక ఎవరికీ కనపడదు. అందుకే ఇప్పుడు డాక్టర్లు ఇంట్లో ఫోనుతో వీడియో తీసుకురమ్మంటున్నారు: మెట్లెలా దిగుతోంది, కిటికీ గట్టు ఎక్కే ముందు ఎంతసేపు ఆగుతోంది, ఇసుక పెట్టె అంచు దాటలేక పక్కనే పోస్తోందా. మెరిసే టైల్స్ మీద కుక్క కాళ్ళు జారకుండా అది నడిచే దారి పొడవునా పాత గోనెసంచులు పరచమంటున్నారు.