జూరీ పట్టికలో తప్పిపోయిన పేర్లు

వ్యవహార నిర్ణయమున రాజొక్కడే చాలడనియు, ధర్మము నెఱిగిన సభ్యులు ప్రక్కన నుండవలెననియు మన స్మృతికర్తలు విధించిరి. ఇంగ్లీషువారు తమ దేశపు జూరీ పద్ధతిని వెంట దెచ్చిరి. ఊరివారు కొందరు న్యాయస్థానమున గూర్చుండి, సాక్ష్యము విని, ముద్దాయి దోషియో నిర్దోషియో చెప్పుటయే జూరీ.

1898వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడు ప్రకారము, ఇరువది యొకటి మొదలు అరువది యేండ్లవరకు గల పురుషులు, మినహాయింపు పొందినవారు దక్క, ఈ పనికి బద్ధులు. సెషన్సు జడ్జియు కలెక్టరును కలసి అక్షరక్రమమున పట్టిక వ్రాయించి, నలుగురు చూచుచోట నంటించి, ఆక్షేపణలను వినవలెను. సమను అందియు రానివానికి నూరు రూపాయలకు మించని జరిమానా కలదు. 1973వ సంవత్సరపు కోడు 1974 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి రాగా మన క్రిమినలు కోర్టులలో జూరీ ముగిసినది. కాని యా పట్టికలు నేర్పు పాఠము ముగియలేదు. పిలిచినను రానివానికి శిక్ష కలదు, సరే. అసలు పిలువబడనివాని మాట యేమి? ఈ ప్రశ్నకు అమెరికా దేశపు చరిత్రలో రెండు నిదర్శనములు గలవు.

మొదటిది కలముచేత జరిగినది. 1931లో అలబామా రాష్ట్రమున స్కాట్స్‌బరో పట్టణమందు తొమ్మండుగురు నల్లజాతి యువకులపై బలాత్కార నేరము మోపబడెను. వారిలో క్లారెన్సు నారిస్ అనువానికి మరణదండన విధింపబడెను. అచ్చటి జూరీలలో నల్లజాతివారిని చేరనీయలేదని యాతని న్యాయవాది లీబొవిట్జ్ ఆక్షేపించెను. అందుకు ప్రతిగా జాక్సన్ జిల్లా జూరీ పుస్తకమున నల్లజాతివారి పేర్లు కొన్ని చూపబడెను. ఆ పేర్లు పట్టికల చివర, ముగింపునకు గీచిన యెఱ్ఱగీతలపై వ్రాయబడియుండెను. గీత గీచిన పిమ్మటనే యవి చేర్చబడినవని చేవ్రాత నిపుణుడు సాక్ష్యమిచ్చెను. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు భూతద్దముతో నా పుస్తకమును పరిశీలించిరి. 1935 ఏప్రిల్ 1వ తేదీన ఆ శిక్షను రద్దుచేసిరి. లెక్క మూసి గీత గీచిన తరువాత చేరిన పద్దు ఎట్టిదో దస్త్రములు వ్రాయువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

రెండవది యంత్రముచేత జరిగినది. కనెక్టికట్ రాష్ట్రమున హార్ట్‌ఫర్డ్ అను నగరము కలదు. అచ్చటి ఫెడరలు కోర్టువారు జూరీ పట్టికను కంప్యూటరుచే సిద్ధము చేయించిరి. ఇంగ్లీషులో ఆ నగరము పేరునకు అక్షరము లెనిమిది, కడపటిది ‘డి’. ఆ యెనిమిదవ అక్షరము తన గడి దాటి, మనిషి బ్రతికియున్నాడో లేడో తెలుపు గడిలో బడెను. ‘మరణించెను’ అనుటకు గుర్తును ‘డి’ యే. యంత్రము తన కిచ్చిన యాజ్ఞ ననుసరించి హార్ట్‌ఫర్డ్ నివాసులనందఱను మృతులుగా నెంచి, సుమారు మూడు సంవత్సరములు వారిలో నొక్కనికైనను పిలుపు పంపలేదు. న్యూ బ్రిటన్ అను మఱియొక నగరపు పేర్లును పట్టికనుండి తప్పిపోయెను. ఆ కోర్టు విభాగమున వయోజనులైన నల్లజాతివారిలో నూటికి 62.93 వంతులు, స్పానిషు మూలమువారిలో నూటికి 68.09 వంతులు ఈ రెండు నగరములందే వసించుచుండిరి. ముద్దాయి పక్షమువారు ప్రశ్నింపగా గుట్టు బయటపడెను. ఆ పట్టిక చెల్లదని 1992లో న్యాయస్థానము తీర్మానించెను.

అంతటితో నైనను కథ ముగియలేదు. పట్టిక తప్పని తేలిన పిమ్మటను, దానినుండి మిగిలిన పేర్లనే వాడి మఱియొక జూరీ నేర్పఱచిరి. ఆ జూరీ యిచ్చిన తీర్పును పై న్యాయస్థానము 1995లో కొట్టివేసి, మరల విచారణ జరుపుమనెను. పుస్తకము దిద్దిన మాత్రమున చాలదు. దానినుండి పుట్టిన చీటీలనుగూడ ఏఱివేయవలెను.

మొదటి యుదంతమున ద్వేషము కలదు. రెండవదానిలో ద్వేషము లేదు, అజాగ్రత్తయే కలదు. అయినను బోనులో నిలిచినవానికి ఫలమొక్కటే: తనవంటివా రెవరును లేని జూరీ. పొరపాటున సమను వచ్చినవాడు దానిని చేతబట్టుకొని కచేరీకి పరుగెత్తి మొఱపెట్టుకొనును. సమను రానివాడు హాయిగా నింట నుండును. తన పేరు తప్పినదని యాతనికే తెలియదు. కావున చేరిన తప్పు అఱచును. జాఱిన తప్పు మౌనముగా నుండును. పట్టికను బహిరంగముగ నంటించి ఆక్షేపణలు వినవలెనని పాత కోడు విధించుటలోని వివేకమిదియే.

చదువరులారా, ఓటర్ల ముసాయిదా జాబితా ప్రకటింపబడినప్పుడు తమ పేరు మాత్రమే చూచుకొని మరలిపోకుడు. ఇరుగుపొరుగువారి పేర్లనుగూడ చదువుడు. చదువురాని వారికి చదివి వినిపింపుడు. ఈ రజతోత్సవ సంవత్సరమునుండి మన గ్రంథాలయ సభ్యుల పట్టికనుగూడ ఏటేట గోడకంటించి, సర్వసభ్య సమావేశమున బిగ్గరగా చదివింపవలెనని నా మనవి. చదివిన పిదప, “ఎవరున్నారు?” అని కాక, “ఎవరు లేరు?” అని యడుగవలెను.