పేరు పలకని పిలుపులు

మనిషిని పేరు పెట్టి కాక వరుసతోనో, గౌరవంతోనో, ముద్దుతోనో పిలవడం తెలుగునేల అంతటా ఉన్న ఆచారమే అయినప్పటికీ, పాపికొండలు దాటిన గోదావరి మైదానాన్ని చేరే పట్టిసీమ మొదలుకొని సముద్రతీరం దాకా అది ప్రత్యేకమైన సొంపును సంతరించుకుంది. మహాశివరాత్రికి ఏటి నడుమ కొండ మీది వీరభద్రస్వామి గుడికి పడవలెక్కే జనంలో ముక్కూ మొహం తెలియని వారు సైతం ఒకరికొకరు బాబుగారు, అన్నయ్య, వదిన అయిపోతారు.

ఈ పిలుపులలో మిక్కిలి ప్రసిద్ధమైనది ‘అండి’. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత వచ్చిన పంటసిరి ఈ మర్యాదను నేర్పిందనుకోవడం సులువే గాని, ఆ ఊహ నిలవదు. కావ్యభాషలో పలువురిని ఉద్దేశించి వాడిన ‘రండు’, ‘పొండు’ అనే విధిరూపాలు వాడుకలో ‘రండి’, ‘పొండి’ అయ్యాయి. ఆ బహువచన రూపమే గౌరవార్థంలో ఒక్కరికీ వర్తించి, క్రమంగా క్రియ నుంచి విడివడి, దాదాపు ఏ మాట చివరనైనా చేరగల పదమైంది. ‘గారు’ కూడా ‘వారు’ అనే బహువచనం నుంచి వచ్చినదే.

ముద్దుపిలుపుల చరిత్ర ఇంతకన్నా లోతైనది, కొంత కఠినమైనది కూడా. భార్య భర్త పేరును, కోడలు అత్తమామల పేర్లను పలకరాదన్నది పాత కట్టుబాటు. భర్తకు ‘ఏవండీ’ అన్న పిలుపు స్థిరపడడానికి మూలం అదే. గృహప్రవేశ వేళ ఆడపడుచులు గుమ్మానికి అడ్డు నిలిచి కొత్త దంపతుల చేత ఒకరి పేరు ఒకరితో చెప్పించే వేడుకకు అంత రక్తి రావడానికి కారణమూ ఆ నిషేధమే. తాత పేరు మనవడికీ, నాయనమ్మ పేరు మనవరాలికీ పెట్టే ఆచారం దీనికి తోడైనప్పుడు, కన్నతల్లికే బిడ్డ పేరు పలకరానిదయ్యేది; ఆ పేరుతో బిడ్డను తిట్టడం మరీ తప్పు. ఆ ఇబ్బందికి ఇల్లు కనుగొన్న ఉపాయమే బుజ్జి, చిట్టి, చంటి, చిన్ని, అబ్బాయి, అమ్మాజీ వంటి ముద్దుపేర్లు. లాలనతో పాటు అవసరం కూడా వీటిని పెంచి పోషించిందన్న సంగతిని సాధారణంగా మరచిపోతుంటారు.

కొడుకును ‘నాన్నా’ అనీ, కూతురిని ‘అమ్మా’, ‘తల్లీ’ అనీ పిలవడం మరో విశేషం. గతించిన పెద్దలే పిల్లలై తిరిగి వస్తారన్న నమ్మకం దీనికి బలమిచ్చింది గాని, ఆ నమ్మకమే ఏకైక కారణం కాకపోవచ్చు. కరీబియన్ ప్రాంతపు స్పానిష్‌లోనూ తల్లిదండ్రులు పిల్లలను ‘మామీ’, ‘పాపీ’ అని, అంటే అమ్మా, నాన్నా అనే పిలుస్తారు.

పొలమూరులో 1891లో జన్మించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలలోని సంభాషణలు ఈ సీమ పలుకుబడిని అచ్చులో నిలిపాయి. వ్యవసాయ పదాలకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో మాండలిక వృత్తి పదకోశం వెలువడినట్టే, వృద్ధుల నోట ఇంకా పలుకుతున్న ఈ పిలుపులను కూడా ఊరూరా సేకరించి, ఎవరు ఎవరిని ఏ సందర్భంలో అలా పిలుస్తారో వివరిస్తూ ఒక కోశం కూర్చడానికి విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పూనుకోవాలి.