భారతమున ద్యూతము - మనోనిగ్రహము

అన్నవరము గల గోదావరీమండలమునందే, రాజమహేంద్రవరమున, 1022లోఁ బట్టాభిషిక్తుఁడైన రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టు భారతమును దెనిఁగింప నారంభించెను. ధర్మరాజు జూదమున సర్వస్వము నోడిన కథ యాతఁడు రచించిన సభాపర్వమున నున్నది. శకుని కపటమే యీ యోటమికిఁ గారణమని లోకము చెప్పుకొనును. కాని ధనము పోయిన పిమ్మట రాజ్యమును, అది పోయిన పిమ్మటఁ దమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని పణముగా నొడ్డుట కపటమాత్రముచే బోధపడదు.

దీనికి ధర్మరాజే సమాధానము చెప్పినాఁడు. వ్యాసభారతమున అరణ్యపర్వమందు భీముఁడు నిందింపఁగా, పాచికలు శకుని కోరినట్లు పడుట చూచినప్పుడు తన్నుఁ దాను నిలుపుకొనుట సాధ్యమే యనియు, క్రోధము ధైర్యమును హరించెననియు నాతఁ డొప్పుకొనెను. మోసము శకునిది, ఆట విడువకుండుట తనది.

ఆ పర్వముననే నన్నయ తెనిఁగించిన భాగమున నలోపాఖ్యానము గలదు. ఋతుపర్ణుఁడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్క చెప్పి నలునకు అక్షహృదయ ముపదేశించెను. ప్రాచీనకాలమున జూదమునకు వాడినవి తాండ్రకాయలే. ఆ విద్య యలవడఁగానే కలి నలుని విడిచెను. నలుఁడు పుష్కరుని గెలిచియుఁ బగ తీర్చుకొనక, వాని భాగము వానికే యిచ్చి పంపెను. ఈ కథ చెప్పిన బృహదశ్వుఁడు ధర్మరాజునకును ఆ విద్య నొసఁగెను.

విద్య వచ్చినది, నిగ్రహము వచ్చెనా? దీనికిఁ బరీక్ష విరాటుని కొలువున జరిగెను. ఆ పర్వమును 13వ శతాబ్దమున నెల్లూరి కవి తిక్కన తెనిఁగించెను. కుమారుఁడు కౌరవులను గెలిచెనని పొంగిన విరాటుఁడు జూదమునకుఁ బిలువఁగా, హర్షముచేఁ బరవశుఁడైనవానితో నాడరాదని కంకుని వేషముననున్న ధర్మరాజు చెప్పి, ధర్మరాజు జూదమున నోడిన కథనే దృష్టాంతముగాఁ జూపెను. క్రోధము తన్నుఁ జెఱిచిన తీరెఱిఁగినవాఁడు హర్షమును సైతము శంకించెను. ఆట సాగినంత బృహన్నలను బొగడినందులకు విరాటుఁడు పాచికతో మొగముపైఁ గొట్టెను. ధర్మరాజు కోపింపక నెత్తురు నేలఁ బడకుండ దోసిటఁ బట్టెను. ద్రౌపది పాత్ర తెచ్చి యందుకొనెను. అర్జునుఁడు చూచిన విరాటుని బ్రతుకనీయఁడని యాతనిని లోనికి రానీయవలదని తెలిపెను.

1967లో సర్వోన్నత న్యాయస్థానము ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన యొక వివాదమున, రమ్మీ ప్రధానముగా నేర్పుతోఁ గూడిన యాట యని తీర్పు చెప్పెను. 2020లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1974 నాటి ద్యూతశాసనమును సవరించి, అంతర్జాలమునఁ బందెమొడ్డి యాడుటను నిషేధించెను. ఆటలో నేర్పెంత, అదృష్టమెంత యనునది న్యాయస్థానముల విచారము. భారతము విచారించినది ఆడువాని మనస్సును. సభాపర్వమున నిలువలేక రాజ్యము పోఁగొట్టుకొన్నవాఁడు, విరాటుని యెదుట నిలిచి, తన్నుఁ గొట్టినవాని ప్రాణము గాచెను.