పొగలేని మందు : నామవిచారము

లేని గుణమునుబట్టి వస్తువునకుఁ బేరిడుట లోకమున నరుదు కాదు. ‘పొగలేని మం’ దనఁగా పూర్వపు తుపాకిమందే యనియు, దానినుండి పొగమాత్రము తొలఁగింపఁబడినదనియుఁ బలువురు తలంతురు. విశేషణము పొగను మాత్రమే వారించుచున్నది గావున విశేష్యమగు మందు రెండుచోట్లను నొక్కటియే యని శ్రోతకుఁ దోఁచును. వాస్తవమున విశేష్యమే వేఱు. ఈ భ్రాంతి శబ్దమాత్రమున నాఁగక, మూతినుండి మందు కూరు తుపాకులవారి ప్రాణములకు ముప్పు తెచ్చుచున్నది గావున నిట విచారింపవలసెను.

పూర్వపు మందు సురేకారము, బొగ్గు, గంధకముల మిశ్రణము. ఐరోపీయులు నూటికి 75, 15, 10 పాళ్లుగా దానిని స్థిరపఱచిరి. శుక్రనీతియందు సువర్చిలవణము 5 పలములు, గంధకము 1, జిల్లేడు జెముడు మొదలగువాని బొగ్గు 1 పలము విధింపఁబడినవి. సురేకారము నూటికి 71 పాళ్లకు మించును. దీనినిబట్టి 1880లో గస్టావ్ ఒప్పర్టు ప్రాచీనభారతమునఁ దుపాకులు గలవని వాదించెను. 1962లో లల్లన్‌జీ గోపాల్ ఆ గ్రంథము పందొమ్మిదవ శతాబ్దిదని ప్రతిపాదించెను. పాళ్ల సామ్యమొక్కటే కాలనిర్ణయమునకుఁ జాలదు. అనుభవ మెచ్చటనైనను నా పాళ్లకే చేర్చును. కాని మన ‘తుపాకి’ శబ్దము తురుష్కభాషనుండి వచ్చినదగుట తలంపఁగా రెండవ పక్షమే బలవత్తరమని నా యభిప్రాయము.

పొగలేని మందు వంశము వేఱు. 1846లో షోన్‌బైన్ ప్రత్తిని నత్రికామ్లముతో సంస్కరించి పేలుప్రత్తిని బ్రకటించెను. అది మిక్కిలి యుద్ధతమై తుపాకుల కనర్హమయ్యెను. 1884లో ఫ్రాన్సు దేశీయుఁడు పాల్ వియే దానిని జిగటముద్దగా మార్చి, పలుచని రేకులుగాఁ గోసి, క్రమముగ మండునట్లు చేసెను. 1886 నాఁటి లెబెల్ తుపాకి దీనితోఁ బ్రయోగింపఁబడినది. 1889లో ఇంగ్లండునఁ గార్డైటు పుట్టెను.

నల్లమందు మండఁగా సగమునకు మించిన భాగము ఘనపదార్థముగా మిగులును. పొగయు, గొట్టమునంటు మసియు నదియే. ఆ మసి తేమను బీల్చి యినుమును దినును. వేఁటకాఁడు తుపాకిని నీటఁ గడుగకతప్పదు. పొగలేని మందున నీ క్లేశము లేదు. కాని యందు ఒత్తిడి పెరిగినకొలఁది మండు వేగమును, వేగము పెరిగినకొలఁది యొత్తిడియుఁ బెరుగుచుండును, ఇది బీజాంకురన్యాయము. నల్లమందునకై చేసిన గొట్టమున, కొలతగిన్నెతో నంతే కొలిచి దీనిఁ బోసినచో గొట్టము బ్రద్దలగును.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో మూతితుపాకులకుఁ బ్రత్యేకముగ వేఁటకాలములు గలవు. పెన్సిల్వేనియాలోఁ జెకుముకితుపాకికాలము 1974లో నారంభమయ్యెను. అచ్చట రెండు మందులలో నేది మేలను చర్చ నేఁటికిని గలదు. పొగలేని మందునకే దృఢముగ నిర్మింపఁబడిన మూతితుపాకులు లేకపోలేదు; సావేజ్ వారు కొంతకాలము వానిని జేసిరి. అందుచే నెన్నుకొనవలసినది ముందుగా మందు కాదు, గొట్టము. గొట్టమే మందును నిర్ణయించును. మన దేశమున వన్యమృగముల వేఁటను 1972 నాఁటి చట్టము నిషేధించినది గావున నీ యెన్నిక మనకుఁ బ్రసక్తము గాదు. నామదోషము మాత్రము మనదియు.

కావున లేని పొగనుబట్టి కాక, ఉన్న ద్రవ్యమునుబట్టి ‘నల్లమందు’, ‘ప్రత్తిమందు’ అని పాఠ్యపుస్తకములందు వ్యవహరించుట మేలు. పేరు వేఱైనచో చేయి యొకక్షణ మాఁగును. ఆ క్షణమే ప్రాణము నిలుపవచ్చును.